చిగురు, అంటు: ఇంప్లాంటు శస్త్రచికిత్సకు తెలుగు పరిభాష

ప్రవేశిక:
ఊడిన పంటి స్థానంలో దవడ ఎముకలో టైటానియం మరను నిలిపి, దానిపై కృత్రిమ దంతాన్ని అమర్చడం డెంటల్ ఇంప్లాంటు చికిత్స. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో ఈ ఆధునిక విధానాన్ని తొలిసారి రోగికి ప్రయోగించారు. గోదావరి జిల్లాలలో భీమవరం, రాజానగరాలలో దంతవైద్య కళాశాలలున్నాయి. అక్కడ పాఠ్యభాష ఆంగ్లం. రోగులలో అత్యధికుల భాష తెలుగు. శస్త్రచికిత్సకు సమ్మతి తెలిపే రోగికి అదేమిటో తన భాషలో బోధపడాలి. ఈ దృష్టితో ఇంప్లాంటు చుట్టూ చేసే చిగుళ్ల శస్త్రచికిత్సను, దానికి తగిన తెలుగు పదాలను వివరించడం ఈ వ్యాసోద్దేశం.

సమస్య స్వరూపం:
పన్ను తీసిన తరువాత పెదవి వైపు ఎముక క్షీణిస్తుంది. దానితో చిగురు కూడా కుంగుతుంది. సహజ దంతాన్ని ఎముకతో కలిపే తంతుబంధం ఇంప్లాంటుకు లేదు. ఆ బంధం ద్వారా చిగురుకు అందే రక్తప్రసరణ కూడా ఇక్కడ ఉండదు. అందువల్ల చిగురు పలుచనైతే లోహపు ఛాయ పైకి కనిపించవచ్చు. అంచు జారితే పన్ను పొడవుగా కనిపిస్తుంది. ముందుపళ్ల విషయంలో ఇది నవ్వుకే లోపమవుతుంది.

అంటు కట్టే విధానం:
ఈ లోపాన్ని సవరించడానికి అంగిలి నుండి కణజాలాన్ని తీసి ఇంప్లాంటు పక్కన చేరుస్తారు. తెలుగులో ‘చిగురు’ లేత ఆకుకూ, పంటి చుట్టూ ఉండే కండకూ పేరు. కడియం నర్సరీల ప్రాంతంలో ‘అంటు కట్టడం’ అందరూ ఎరిగిన మాట. కనుక ‘చిగురుకు అంటు కట్టడం’ అనే ప్రయోగం ఇక్కడి రోగికి సులభగ్రాహ్యం.

ఈ పోలిక కేవలం మాటలది కాదు. కట్టిన కొమ్మ తన జాతిగుణాన్ని నిలుపుకొన్నట్లే, అంగిలి పైపొరతో సహా తెచ్చిన అంటు తన పాలిన రంగును నిలుపుకొని అతుకులా కనిపిస్తుంది. అందుకే అందం ప్రధానమైన చోట పైపొర లేని సంయోజక కణజాలాన్ని మాత్రమే తీసి, స్థానిక చిగురు కింద దాస్తారు. అప్పుడు మందం పెరుగుతుంది, రంగు మారదు. కొత్త రక్తనాళాలు కలిసేవరకు అంటు కదలకూడదు. కుట్ల ప్రయోజనం అదే.

పరిమితి:
‘అంటు’కు మైల, అంటువ్యాధి అనే అర్థచ్ఛాయలూ ఉన్నాయి. విడిపదంగా వాడితే రోగి భయపడవచ్చు. ‘అంటు కట్టడం’ అని క్రియతో కలిపి వాడితే ఆ సందిగ్ధత తొలగుతుంది.

ముగింపు:
రెండు పళ్ల నడుమ నశించిన చిగురుమొనను పూర్తిగా తిరిగి రప్పించడం ఈ చికిత్సకు నేటికీ కష్టసాధ్యం. ఆ విషయం కూడా రోగికి ముందే తెలియాలి. పరిభాష సంస్కృత సమాసాలకే పరిమితం కాక, ఆ నేల పలుకుబడి నుండి పుట్టినప్పుడే ఆ ఎరుక సాధ్యమవుతుంది.