బొటనవేలితో నొక్కి బూటు కొనకండి

మడమ నొప్పితో చెప్పుల షాపుకి వెళ్ళినవాళ్ళు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. బూటు చేతిలోకి తీసుకుని, లోపల మడమ ఆనే చోట బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు లోపలికి దిగితే ముఖం విప్పారుతుంది. "మెమరీ ఫోమ్ మేడమ్, ఇంతకన్నా మెత్తటిది లేదు" అంటాడు షాపబ్బాయి. బిల్లు అయిపోతుంది. వారం పది రోజులు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మళ్ళీ అదే పోటు. ఆ బొటనవేలి పరీక్షలోనే లోపం ఉంది. వేలు పెట్టే ఒత్తిడి ఎంత? డెబ్భై కిలోల మనిషి నడుస్తుంటే ప్రతి అడుగులోనూ ఒక కాలి మీద పడేది ఆ డెబ్భై కిలోలకు ఇంకాస్త ఎక్కువే. వేలికే లొంగిపోయిన ఫోమ్ ఆ బరువు కింద పూర్తిగా అణిగిపోతుంది, పక్కలకి జారుతుంది, పాదం దాని మీద అటూ ఇటూ ఊగుతుంది. అందుకే మడమ నొప్పి ఉన్నవాళ్ళు బూటు మెత్తదనం సంగతి తర్వాత చూసుకుని, ముందు అది ఎక్కడ వంగుతోంది, ఎక్కడ వంగకుండా నిలబడుతోంది అన్నది చూడాలని నా వాదన.

కారణం అరికాల్లోనే ఉంది. మడమ ఎముక అడుగున మొదలై, ముందుకి పోతూ అయిదు పాయలుగా చీలి, వేళ్ళ మొదళ్ళ దాకా సాగే మందపాటి పట్టీ ఒకటుంది. డాక్టర్లు దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. పాదం వంపు కుంగిపోకుండా కింద నుంచి పట్టి ఉంచే వాటిలో ఇది ముఖ్యమైనది. ఇది ఎలా పనిచేస్తుందో 1954లో జె.హెచ్. హిక్స్ అనే ఆయన వివరించాడు. నడకలో మడమ లేచి వేళ్ళు పైకి వంగగానే, గిలక మీద చేదతాడు బిగిసినట్టు ఈ పట్టీ వేళ్ళ మొదళ్ళ చుట్టూ బిగుస్తుంది. వంపు పైకి లేస్తుంది, పాదం గట్టిపడి ఒంటిని ముందుకు నెడుతుంది. అయిదు వేల అడుగులు నడిస్తే ఒక్కో కాలిలో ఇది రెండున్నర వేల సార్లు జరుగుతుంది. ఆ లాగుడంతా చివరికి వచ్చి పడేది మడమ ఎముకని అంటుకున్న చోటే. ఏళ్ళ తరబడి అక్కడ అరుగుదల వస్తే అదే మడమ నొప్పి. రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పిక్కా, ఈ పట్టీ రెండూ బిగుసుకుపోతాయి. పొద్దున్న ఒక్కసారిగా నిలబడితే చెడిన చోట చురుక్కుమంటుంది. నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. ఎక్స్‌రే తీయించి "మడమలో ఎముక పెరిగిందట" అని బెంగపడేవాళ్ళు చాలామంది. నొప్పి అన్నదే ఎరగని వాళ్ళ మడమల్లోనూ ఆ కొక్కెం లాంటి ఎముక కనిపిస్తూనే ఉంటుంది. ఎముక పెరగడమే నొప్పికి కారణమని దాన్నిబట్టి తేల్చలేం.

ఇప్పుడు బూటు దగ్గరికి వద్దాం. ఒక చేత్తో మడమ వైపు, ఇంకో చేత్తో ముందు వైపు పట్టుకుని మడిచి చూడండి. మంచి వాకింగ్ షూ వేళ్ళ మొదళ్ళ దగ్గర, అంటే మన పాదం ఎక్కడ వంగుతుందో అక్కడే వంగుతుంది. చవక బూట్లు చాలావరకు సరిగ్గా నడుమ మడతపడతాయి. నడుమ వంగే బూటు వంపుకి ఏ ఆసరా ఇవ్వదు. లాగుడంతా ఆ పట్టీయే భరించాలి. తర్వాత తడిబట్ట పిండినట్టు బూటుని మెలితిప్పండి. కొద్దిగా తిరగాలి, పూర్తిగా తిరిగిపోకూడదు. మూడోది, మడమ వెనక భాగాన్ని రెండు వేళ్ళతో పట్టి నొక్కండి. అక్కడ లోపల గట్టి అట్ట ఉండాలి, వేళ్ళు రెండూ కలవకూడదు. మన మడమ ఎముక కింద కొవ్వుతో నిండిన సహజమైన మెత్త ఒకటుంది. వయసు మీదపడే కొద్దీ అది బిగువు కోల్పోతుంది. అడుగు పడినప్పుడు ఆ కొవ్వు పక్కలకి పరుచుకోకుండా, ఎముక కిందే ఉండేలా పట్టి ఉంచేది బూటు వెనక ఉన్న ఆ గట్టి భాగమే. అంటే మడమకి కావలసిన మెత్తదనంలో కొంత మన ఒంట్లోనే ఉంది, బూటు దాన్ని చెదిరిపోనివ్వకపోతే చాలు. దీనికి తోడు మడమ వైపు అడుగు వేళ్ళ వైపు కన్నా ఓ సెంటీమీటరు ఎత్తు ఉంటే పిక్క లాగుడు తగ్గుతుంది. హవాయి చెప్పుల్లో, పలచటి బెల్లీల్లో ఈ ఎత్తూ లేదు, వెనక పట్టూ లేదు. పైగా హవాయి చెప్పు జారిపోకుండా ప్రతి అడుగుకీ వేళ్ళు ముడుచుకుని పట్టుకోవాలి. తాళ్ళు కట్టుకునే బూటే మేలు. తాళ్ళు విప్పకుండానే కాలు దూర్చే అలవాటుంటే మాత్రం ఎంత మంచి బూటు వెనకైనా కొన్ని నెలల్లోనే అణిగిపోతుంది.

మెత్తదనం అసలు అక్కర్లేదా అంటే, అలా అనలేం. 1999లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో మడమ నొప్పి ఉన్న 236 మందిని అయిదు బృందాలు చేసి చూశారు. అందరూ సాగదీసే వ్యాయామాలు చేశారు. ఒక బృందం వ్యాయామంతో సరిపెట్టుకుంది. మిగిలిన వాళ్ళకి సిలికోన్ మడమ మెత్తలు, రబ్బరు మెత్తలు, ఫెల్ట్ అట్టలు, పాదం అచ్చు తీసి చేయించిన ఖరీదైన అట్టలు ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత సిలికోన్ వాడినవాళ్ళలో 95 శాతం మంది తగ్గిందన్నారు. ఉత్త వ్యాయామం చేసినవాళ్ళలో ఆ మాట అన్నది 72 శాతం. అచ్చు తీసి చేయించిన అట్టల వాళ్ళలో 68 శాతమే. కాబట్టి మడమ కింద, ఆ మేరకు, కొంచెం మెత్త ఉంటే మంచిదే. అది గట్టి అడుగున్న బూటులో ఉండాలి తప్ప బూటంతా స్పాంజి కాకూడదు. ఇందులో జేబుకి పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. వేలకు వేలు పోసి అట్ట చేయించుకునే ముందు, షాపుల్లో దొరికే మామూలు సిలికోన్ మెత్త వాడి చూడవచ్చు. 2006లో ఆస్ట్రేలియాలో జరిగిన మరో పరిశోధనలోనూ రెడీమేడ్ అట్టకీ, అచ్చు తీసి చేసిన అట్టకీ పెద్ద తేడా కనబడలేదు. రెండూ మూడు నెలల దగ్గర కొద్దిపాటి మేలు చేశాయి, ఏడాది తిరిగేసరికి ఆ మేలు కూడా మిగల్లేదు.

"మరి నా పాదం రకం తెలియకుండా బూటు ఎలా కొనను?" అని అడుగుతారు. తడి పాదంతో నేల మీద ముద్ర వేయించి, లేదా మెషీన్ మీద నిలబెట్టి, మీది చదును పాదం, మీది ఎత్తు వంపు అని చెప్పి దానికి తగ్గ బూటు అమ్మే షాపులు పెద్ద ఊళ్ళలో ఉన్నాయి. చూడటానికి శాస్త్రీయంగానే ఉంటుంది. అమెరికా సైన్యంలో, వైమానిక దళంలో, మెరైన్ దళంలో కొత్తగా చేరిన వేల మంది మీద సరిగ్గా ఈ పద్ధతినే పరీక్షించి 2009, 2010 సంవత్సరాల్లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి పాదం వంపుని బట్టి బూట్లు, మిగతా వాళ్ళకి వంపుతో పని లేకుండా అందరికీ ఒకే రకం బూట్లు. దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్ళు పరుగులు తీసే కుర్రాళ్ళు, మనం మడమ నొప్పితో పార్కులో నడిచేవాళ్ళం, ఈ రెంటికీ పోలికేమిటి అనవచ్చు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయినా ఒక పద్ధతి ఆరోగ్యవంతుల మీదే ఫలితం చూపలేనప్పుడు, నొప్పి ఉన్నవాళ్ళ దగ్గర దాని పేరు చెప్పి ఎక్కువ డబ్బు తీసుకోవడానికి ఆధారం కావాలి కదా. వంగాల్సిన చోట వంగి, నిలవాల్సిన చోట నిలిచే బూట్లు రెండు మూడు జతలు ఏరుకున్నాక, వాటిలో ఏది కాలికి సుఖంగా ఉందో మీ పాదాన్నే చెప్పనివ్వండి.

సుఖం అనగానే కొలత సంగతి వస్తుంది. మనవాళ్ళు దీన్ని మరీ తేలిగ్గా తీసుకుంటారు. వివిధ దేశాల పరిశోధనలను సమీక్షించి 2018లో రాసిన ఒక వ్యాసం ప్రకారం, 63 నుంచి 72 శాతం మంది తమ పాదం పొడవుకో వెడల్పుకో సరిపోని బూట్లే వేసుకుంటున్నారు. మన దేశంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మనం చెప్పే 7, 8, 9 నంబర్లు బ్రిటిష్ కొలతలు. మన పాదాలు ఆ అచ్చుల కన్నా వెడల్పు. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షకి పైగా మనుషుల పాదాలు కొలిచి తేల్చిన విషయమిది. దాన్నిబట్టి 'భ' అనే పేరుతో భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. వెడల్పు చాలక మనవాళ్ళు చేసేది ఒక నంబరు పెద్దది కొనడం. అప్పుడు పొడవు ఎక్కువై మడమ లోపల జారుతుంది, బూటు వంగే చోటు పాదం వంగే చోటుతో కలవదు. ఒక సులువైన పరీక్ష ఉంది. బూటు లోపలి అట్ట బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం అంచులు అట్ట దాటి బయటికి వస్తే అది మీ బూటు కాదు, మరీ నచ్చితే అందులోనే వెడల్పు రకం ఉందేమో అడగండి. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొలవాల్సింది నిలబడి, సాయంత్రం పూట, రోజూ వేసుకునే సాక్సులతో. రెండు పాదాల్లో పెద్దదాన్ని బట్టి సైజు తీసుకోవాలి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. మన తాతలు చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగారు, వాళ్ళకి లేని మడమ నొప్పి మనకెందుకు, అసలు బూట్లే పాదాన్ని పాడుచేశాయి అంటారు కొందరు. ఇందులో నిజం లేకపోలేదు. రావు, జోసెఫ్ అనే ఇద్దరు మన దేశపు డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో ప్రచురించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం, వట్టి కాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం. ఎదిగే పాదానికి నేల మీద నడక మంచిదనే దీని అర్థం. అది పిల్లల సంగతి. యాభై ఏళ్ళ వయసులో, పట్టీ చెడిపోయి నొప్పి పెడుతున్న కాలికి అదే వైద్యం అనడం కుదరదు. నేల కూడా మారింది. తాతలు తిరిగినది దుక్కి నేల, మట్టి అరుగు. మనం నిలబడేది గ్రానైట్ మీద, టైల్స్ మీద. వాకింగ్‌కి గంటసేపు మంచి బూటు వేసుకుని, ఇంటికి రాగానే గుమ్మంలో విడిచి, వంటింట్లో నాలుగు గంటలు వట్టి కాళ్ళతో నిలబడితే ఆ బూటు చేసిన మేలు ఎక్కడ నిలుస్తుంది? ఇంట్లో చెప్పులేమిటని పెద్దవాళ్ళు విసుక్కోవచ్చు. గడప దాటని జత ఒకటి విడిగా ఉంచుకుంటే, వెనక పట్టీ, మడమ దగ్గర కాస్త ఎత్తు ఉన్నది, ఆ పేచీ తీరుతుంది. పూజగదికి ఎలాగూ విడిచే వెళతారు. అలిపిరి మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కుతామని మొక్కుకున్నవాళ్ళు మాత్రం నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఆగడం మంచిది. అవి 3,550 మెట్లు.

చీలమండ దాటి పైకి వచ్చే ట్రెక్కింగ్ బూట్ల గురించి ఒక్క మాట. రాళ్ళ దారిలో, గట్ల మీద కాలు మడతపడకుండా అవి కాపాడతాయి. రోడ్డు మీద, పార్కులో నడిచేవాళ్ళకి ఆ ఎత్తు వల్ల మడమకి ఒరిగేదేమీ లేదు. పైగా బరువు. కాలికి తగిలించిన కిలో బరువు, వీపున మోసే కిలో కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తి తింటుందని సైనికుల మీద చేసిన పరీక్షల్లో తేలింది.

ఎంత మంచి బూటైనా గడువు ఇస్తుందే తప్ప జబ్బు నయం చేయదు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో మడమ నొప్పికి అన్నిటికన్నా పెద్ద కారణంగా కనిపించింది చీలమండ పైకి వంగకపోవడం, అంటే పిక్క బిగుసుకుపోవడం. అధిక బరువు, రోజంతా నిలబడే ఉద్యోగం ఆ తర్వాతి కారణాలు. బిగుసుకున్న పిక్కని ఏ బూటూ వదులు చేయలేదు. ఆ పని మనమే చేసుకోవాలి. పొద్దున్నే మంచం దిగకముందే, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్ళని చేత్తో పట్టుకుని ముంగాలు వైపు లాగి పది లెక్కపెట్టండి. అరికాల్లో పట్టీ తీగలా బిగిసి రెండో చేతి వేళ్ళకి తగులుతుంది. ఇలా పదిసార్లు, రోజుకి మూడు విడతలు. ఉత్త పిక్క సాగదీయడం కన్నా ఇది ఎనిమిది వారాల్లో మెరుగైన ఫలితం ఇచ్చిందని 2003లోనే చూపించారు. ఆ తర్వాత మెట్టు అంచున నిలబడి, వేళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, రోజు విడిచి రోజు మడమలు మెల్లగా ఎత్తి దించే వ్యాయామం వచ్చింది. చెప్పుల్లేని నడక కోరేవాళ్ళు అడిగే పాదబలం నిజానికి ఇక్కడ దొరుకుతుంది. ఎక్కువ మందికి పది పన్నెండు నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. ఆ లోపల బూటు కూడా అరిగిపోతుంది. సాధారణంగా దాని ఆయుష్షు ఎనిమిది వందల కిలోమీటర్ల లోపు అంటారు. రోజుకి అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్ళకి మహా అయితే అయిదు నెలల చిల్లర. పైన మెరుస్తున్నా సరే, బల్ల మీద పెడితే ఒక పక్కకి ఒరిగిన బూటు మార్చేయాల్సిందే.

మడమ నొప్పులన్నీ ఈ రకం కావు. మడమని రెండు పక్కల నుంచి అదిమితే ఓర్చుకోలేని నొప్పి ఉంటే ఎముకలో సన్నటి చీలిక ఉండవచ్చు. రాత్రి పడుకున్నా వదలని నొప్పి, తిమ్మిరి, మంట, వాపు, జ్వరం ఉంటే, లేదా చిన్న వయసులో రెండు మడమలూ నొప్పిగా ఉండి పొద్దున్నే నడుం కూడా పట్టేస్తుంటే, అది బూటుతో పోయేది కాదు. షుగర్ ఉన్నవాళ్ళ సంగతి మరీ వేరు. పాదంలో స్పర్శ తగ్గినవాళ్ళు 'సుఖంగా ఉంది' అన్న మాటని నమ్మడానికి లేదు. బూటు కరిచినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. వాళ్ళకి ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన చెప్పుల లాంటి వేరే ఏర్పాట్లున్నాయి. షుగర్ ఉండి మడమ నొప్పి వస్తే ముందు డాక్టరుకి కాలు చూపించండి, బూట్ల షాపుకి ఆ తర్వాతే వెళ్ళండి.