సాంబాను అడగని ప్రశ్న

‘అరే ఓ సాంబా, కిత్నే ఆద్మీ థే?’ ‘షోలే’ పేరెత్తగానే చాలామంది నోటికొచ్చే ఈ మాట ఆ సినిమాలో ఎక్కడా లేదు. రెండు ముక్కలూ బందిపోటు గబ్బర్ సింగ్ అన్నవే. కానీ విడివిడిగా అన్నాడు, వేర్వేరు మనుషులతో అన్నాడు.

రామ్‌గఢ్ ఊరి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన ముగ్గురు అనుచరులు గబ్బర్ ముందు నిలబడి ఉంటారు. ‘కిత్నే ఆద్మీ థే?’ అన్నది వాళ్లకు వేసిన ప్రశ్న. ఇద్దరేనని కాలియా చెబుతాడు. వాళ్లిద్దరు, మీరు ముగ్గురు, అయినా వట్టి చేతులతో వచ్చారా అని తిట్టిపోశాక గానీ గబ్బర్ సాంబాను పిలవడు. బండమీద కూర్చున్న సాంబాను అడిగేది మనుషుల లెక్క కాదు, తన తలకు సర్కారు కట్టిన వెల. ‘పూరే పచాస్ హజార్’ (పూర్తిగా యాభై వేలు) అని జవాబు వస్తుంది.

ఆ తర్వాత మూడో లెక్క. తుపాకీలో తూటాలు ఆరు, మనుషులు ముగ్గురు. మూడు తూటాలు గాల్లోకి పేల్చి లెక్క సరిచేస్తాడు గబ్బర్. సీనంతా అంకెల మీదే నడుస్తుంది, అంకె మారినకొద్దీ భయం పెరుగుతుంది. రచయితలు సలీం-జావేద్‌ల పనితనమంతా ఇక్కడే ఉంది. మొదటి ప్రశ్న సమాచారం కోసం వేసింది కాదు, ఓడొచ్చినవాళ్ల నోటితోనే ఓటమిని ఒప్పించడానికి వేసింది. సాంబా రామ్‌గఢ్ వెళ్లనే లేదు. ఆ ప్రశ్న అతడికి తగిలిస్తే సీనులోని కర్కశత్వమే పోతుంది.

అయినా తప్పు మాటే నిలబడింది. మిమిక్రీ చేసేవారికి సీనంతా చెప్పే వ్యవధి ఉండదు. ‘ఎంతమంది ఉన్నారు?’ అన్నది ఎవరైనా అడిగే ప్రశ్న. సాంబా పేరు చేరితేనే అది గబ్బర్ మాట అవుతుంది.

‘షోలే’ 1975 ఆగస్టు 15న విడుదల. దర్శకుడు రమేష్ సిప్పీ. చిత్రీకరణ కర్ణాటకలోని రామనగరం బండల మధ్య. గబ్బర్‌గా అమ్జద్ ఖాన్, కాలియాగా విజూ ఖోటే, సాంబాగా మాక్ మోహన్. డైలాగులతో పాలిడార్ సంస్థ విడిగా రికార్డు తెచ్చింది. ‘గబ్బర్ సింగ్’ 2012లో పవన్ కల్యాణ్ సినిమా పేరయింది.

ఇంగ్లిష్ సినిమాల్లోనూ

‘కాసాబ్లాంకా’ (1942)లో ‘ప్లే ఇట్ అగైన్, శామ్’ అని ఎవరూ అనరు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అనేది ‘ప్లే ఇట్, శామ్’ అని మాత్రమే. లేని మాటనే ఉడీ అలెన్ తన నాటకానికి పేరుగా పెట్టాడు.

‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ (1980)లో డార్త్ వేడర్ ‘ల్యూక్, ఐ యామ్ యువర్ ఫాదర్’ అనడు. ‘నో, ఐ యామ్ యువర్ ఫాదర్’ అంటాడు. నా తండ్రిని చంపింది నువ్వేనన్న ల్యూక్‌కు ఆ ‘నో’ జవాబు. పేరు చేర్చి ‘నో’ తీసేస్తే జవాబే మాయమవుతుంది.

‘అపోలో 13’ (1995)లో మాట మార్చింది సినిమాయే. 1970లో వ్యోమగాములు ‘సమస్య వచ్చింది’ అన్నట్టుగా, జరిగిపోయిన సంగతిలా చెప్పారు. సినిమా దాన్ని ‘హ్యూస్టన్, వీ హావ్ ఎ ప్రాబ్లమ్’ అని వర్తమానంలోకి తెచ్చింది. ఇప్పుడు అందరూ చెప్పేది సినిమాలోని మాటే.