ఇన్సూరెన్సు ఉన్న బండిని లేదని పోలీసులు పట్టుకుంటే

కంపెనీ పికప్పు, వ్యాను నడిపే సోదరులకూ, ఇళ్లలో డ్రైవరు పని చేసేవారికీ ఈ సమాచారం.

దోహాకు దక్షిణాన విమానాశ్రయం దగ్గరున్న అల్ తుమామా మన వాళ్లకు బాగా తెలిసిన పేట. టోపీ ఆకారంలో కట్టి 2021లో తెరిచిన స్టేడియం అక్కడే ఉంది. మీరు ఆ దారిన సామాను వేసుకుని వెళుతున్నారనుకోండి. పోలీసు ఆపుతాడు, నంబరు కొట్టి చూస్తాడు, "తమీన్ మాఫీ" అంటాడు. అంటే బండికి ఇన్సూరెన్సు లేదని. మీకేమో కంపెనీ మందూబ్ పోయిన వారమే కట్టాడని తెలుసు. అయినా బండిని తీసుకుపోతారు, మీరు ఎండలో రోడ్డు పక్కన మిగులుతారు.

ఇందులో పోలీసు కావాలని చేసినది ఏమీ ఉండకపోవచ్చు. అతను చూసేది కంప్యూటరులో ఉన్న రికార్డు. ఇన్సూరెన్సు కంపెనీ పాలసీ ఇచ్చినా, నంబరు ప్లేటులోనో ఛాసిస్ నంబరులోనో ఒక అంకె తప్పు పడితే ఆ పాలసీ మీ బండికి కనబడదు. ప్లేటు మార్చిన బండి పాత నంబరు మీదే ఉండిపోవచ్చు. ఇరవై బండ్లకు ఒకేసారి కట్టిన కంపెనీ జాబితాలో ఒక బండి జారిపోవచ్చు. కనుక మీ చేతిలో కాగితం నిజమైనదే, పోలీసు తెరమీద కనబడనిదీ నిజమే. ఈ రెంటినీ కలిపే పని రోడ్డు మీద కాదు, ఆఫీసులో జరుగుతుంది.

అందుచేత అక్కడ గొంతు పెంచవద్దు. మన ఊళ్లో ఎస్సై గారిని బతిమాలుకున్నట్టు చేయి పట్టుకోవడం, జేబులోంచి డబ్బు తీయడం అసలే వద్దు. లంచం ఇవ్వజూపడం ఇక్కడ నేరం, చిన్న తగవు జైలు దాకా పోతుంది. బతాకా, లైసెన్సు, ఇస్తిమారా చూపించండి. ఫోనులో పాలసీ ఫొటో ఉంటే అదీ చూపించి "తమీన్ మౌజూద్" అని నెమ్మదిగా చెప్పండి. ఇస్తిమారా గడువు ఇంకా ఉంటే ఆ మాట కూడా చెప్పండి. ఖతార్‌లో ఇన్సూరెన్సు లేనిదే ఇస్తిమారా రెన్యువల్ చేయరు కాబట్టి ఇది మంచి ఆధారం. వినకపోతే ఊరుకోండి. బండిని ఎక్కడికి తీసుకుపోతున్నారో, ఏ తేదీన, ఎన్ని గంటలకు ఆపారో రాసుకోండి. ఇచ్చిన కాగితానికి ఫొటో తీసుకోండి. అరబ్బీ రాకపోతే సంతకం పెట్టే ముందు అందులో ఏముందో చదివి చెప్పమని అడగండి.

వెంటనే మందూబ్‌కు ఫోను చేయండి. బండి కంపెనీ పేరున ఉంటుంది గనుక విడిపించవలసినది కంపెనీయే. పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్సు కంపెనీ నుంచి, ఫలానా నంబరు బండికి ఫలానా తేదీ నుంచి పాలసీ అమలులో ఉందని ఉత్తరం తీసుకుని ట్రాఫిక్ శాఖకు, అంటే మురూర్‌కు, వెళ్లి రికార్డు సరిచేయించాలి. ఆపిన తేదీ కంటే ముందే పాలసీ మొదలైందని ఆ ఉత్తరంలో కనబడటం ముఖ్యం. బండి పట్టుకున్న మరునాడు కట్టిన పాలసీ ఎందుకూ పనికిరాదు.

చాలామంది మరిచిపోయేది తరువాతి సంగతి. బండి వచ్చేసింది కదా అని ఊరుకుంటారు, రాసిన ముఖాలఫా మాత్రం అలాగే ఉంటుంది. 2024 సెప్టెంబరు 1 నుంచి ట్రాఫిక్ జరిమానాలు బాకీ ఉన్నవారు అవి కట్టే వరకు దేశం విడిచి వెళ్లడానికి లేదు. చెల్లెలి పెళ్లికి టిక్కెట్టు కొనుక్కుని విమానాశ్రయంలో ఆగిపోవడం ఎంత బాధో చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ ముఖాలఫా బండి మీద ఉందా, మీ బతాకా మీద ఉందా అని మెత్రాష్‌లో చూసుకోండి. కంపెనీ బండి వివరాలు మీ ఖాతాలో రాకపోవచ్చు. అప్పుడు మందూబ్‌ని తన ఖాతాలో చూసి తెర ఫొటో పంపమనండి. తప్పుగా రాసినదైతే రద్దు చేయించమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ మెసేజి కూడా రాతే.

కొన్ని కంపెనీలు ఈ ఖర్చు డ్రైవరు జీతంలోంచి కోస్తాయి. బండికి ఇన్సూరెన్సు కట్టడం, దాని రికార్డు సరిగా ఉంచడం యజమాని పని, డ్రైవరు తప్పు కాదు. జీతం బ్యాంకు ద్వారా వస్తుంది కాబట్టి ఎంత తగ్గిందో స్టేట్‌మెంటులో తెలుస్తుంది. దానిని పట్టుకుని కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే 2018లో పని మొదలుపెట్టిన కార్మిక వివాదాల కమిటీకి వెళుతుంది. కార్మికుడి దగ్గర ఫీజు తీసుకోరు. భాష రాక ఇబ్బంది పడేవారు రాయబార కార్యాలయానికి గానీ, దాని ఆధ్వర్యంలో పనిచేసే ఐసీబీఎఫ్‌కు గానీ రావచ్చు.

స్నేహితుడి బండి తీసుకునేవారికి ఒక మాట. ఇంగ్లాండులో ఒకాయన తన కారును స్నేహితుడికి ఇచ్చాడు. ఆ స్నేహితుడి సొంత పాలసీ ఇతరుల కార్లకూ వర్తించేది. అయినా పోలీసులు నమ్మక కారు పట్టుకుపోయారు. అది చెల్లదని 2011లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. కానీ ఆ తీర్పు ఇక్కడ పనికిరాదు, కోర్టు చుట్టూ తిరిగే సెలవూ మనకు లేదు. మీ లైసెన్సు గడువు తీరినా, ఆ రకం బండికి సరిపోకపోయినా, పాలసీ ఉండి కూడా మీకు అక్కరకు రాదు.

పాలసీ ఫొటో, ఇస్తిమారా ఫొటో, మందూబ్ నంబరు ఫోనులో పెట్టుకోండి. ఫోను ఛార్జి అయిపోతుంది కాబట్టి ఒక జిరాక్సు బండిలో కూడా ఉంచండి.