నొప్పి లేని నల్ల మచ్చను దాచకండి

వానాకాలం చివర, కోతల రోజుల్లో మా వార్డులకు జ్వరాలతో వచ్చేవారు ఎక్కువవుతారు. మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్ పేర్లు అందరికీ తెలుసు. వీటితో పాటు తెలుసుకోవలసిన మరో జ్వరం స్క్రబ్ టైఫస్. పేరు దగ్గరగా ఉన్నా ఇది టైఫాయిడ్ కాదు. నీళ్ల వల్ల రాదు, దోమ వల్ల రాదు. గడ్డిలో, పొదల్లో ఉండే ఒక చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది.

బోధన్ వైపు నుంచి కలుపు కూలికి వెళ్లే ఒక అమ్మ ఆరు రోజుల జ్వరంతో మా దగ్గరకు వచ్చింది. అప్పటికే ఊళ్లో రెండు సూదులు వేయించుకుంది. ప్లేట్‌లెట్లు తగ్గాయి కనుక అందరం డెంగ్యూ అనుకున్నాం. మరునాడు ఒళ్లు తుడుస్తుంటే లంగా బొందు కట్టే చోట నల్లగా చెక్కు కట్టిన మచ్చ మా సిస్టర్ కంటబడింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "నొయ్యలే సిస్టరమ్మా, గందుకే చెప్పలే" అంది. డాక్టరుగారు మందు మార్చారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. చేరిన రోజే మేము చూసి ఉంటే ఒక రోజు కలిసి వచ్చేది. అప్పటి నుంచి జ్వరంతో చేరిన ప్రతివారినీ తల నుంచి పాదాల వరకు చూడడం మేము నియమంగా పెట్టుకున్నాం.

ఏమిటీ పురుగు?

ఇది నల్లి జాతికి దగ్గరది కాదు, పిడుదుకు దూరపు చుట్టం. దీని పిల్ల పురుగు మాత్రమే కుడుతుంది. అది మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు, నారింజ ఎరుపు రంగులో ఉంటుంది. మామూలుగా ఎలుకల మీద బతుకుతుంది. మనిషి గడ్డిలో కూర్చుంటే ఒంటి మీదికి ఎక్కి, బట్ట బిగుతుగా ఉండే చోటు వెతుక్కుంటుంది. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. అన్ని పురుగుల్లోనూ రోగక్రిమి ఉండదు కనుక, కుట్టిన ప్రతివారికీ జ్వరం రాదు.

బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడ్డాక మన వైపు చెరుకు తగ్గింది. అయినా చెరుకు, వరి, పసుపు ఏది వేసినా గట్ల మీద గడ్డి, కలుగుల్లో ఎలుకలు ఉంటూనే ఉన్నాయి. అందుకే ఈ జాగ్రత్త అందరికీ అవసరం.

ఎలా గుర్తించాలి?

కుట్టిన పది రోజులకు అటూ ఇటూగా ఎక్కువ జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు వస్తాయి. గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కట్టవచ్చు. కుట్టిన చోట బీడీతో కాల్చినట్టు నల్లని చెక్కు, చుట్టూ ఎర్రని అంచు ఉంటుంది. చంకలు, గజ్జలు, నడుము, రొమ్ముల కింద, చెవుల వెనుక చూడండి. పిల్లలకు తలలో కూడా చూడండి. కొందరికి మచ్చ ఉండదు. మచ్చ లేదని జబ్బు లేదనుకోరాదు. రక్తపరీక్షతో డాక్టరు నిర్ధారిస్తారు.

మచ్చ మీద పసుపు, సున్నం పూయకండి. గుర్తు కనబడకుండా పోతుంది. చెక్కును గిల్లకండి. సిగ్గుపడి దాచకండి, సిస్టర్లకు చూపండి.

చికిత్స

మలేరియా మాత్రలు, మామూలు పెన్సిలిన్ రకం సూదులు దీనిపై పనిచేయవు. డాక్సీసైక్లిన్ అనే చవక మందు పనిచేస్తుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం తగ్గుతుంది. తగ్గిందని మందు మధ్యలో ఆపరాదు. డాక్టరు చెప్పకుండా కొని వాడరాదు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. జబ్బు ముదిరినవారికి ఈ రెండు మందులూ కలిపి నరంలోకి ఎక్కిస్తే ఒక్క మందు కంటే మేలని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యుల పరిశోధన 2023లో తేల్చింది. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు. రోగికి దగ్గరగా ఉండడానికి భయం వద్దు.

ఇంట్లో, పొలంలో

1. గడ్డి మీద నేరుగా కూర్చోకండి, పడుకోకండి. టార్పాలిన్ పరచుకోండి. పిల్లల బట్టలు గడ్డి మీద ఆరేయకండి.

2. నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

3. పొలం నుంచి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం చేయండి. విడిచిన బట్టలు వేడినీళ్లలో ఉతకండి.

4. ఇంటి చుట్టూ పిచ్చిగడ్డి తీసేయండి. ఎలుకలు చేరకుండా ధాన్యం మూసి ఉంచండి.

5. పశువుల నుంచి పిడుదు పట్టుకుంటే నిప్పు, కిరోసిన్ పెట్టకండి. చిమటాతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా తిన్నగా లాగి, సబ్బుతో కడగండి.

జ్వరం మూడు రోజులు దాటితే ఆసుపత్రికి రండి. వచ్చినప్పుడు గత మూడు వారాల్లో ఏ పొలానికి, ఏ గడ్డికోతకు వెళ్లారో చెప్పండి. ఆ ఒక్క మాట మాకు సగం దారి చూపుతుంది.