ఆ మందలింపు ఎవరిది?

దివ్య ఖుర్ఆన్‌ను ముహమ్మద్ (స) గారే రచించారేమోనని హిందూ సోదరులు అప్పుడప్పుడు మమ్మల్ని అడుగుతుంటారు. ఇందులో కోపగించుకోవలసిందేమీ లేదు. ఆనాడు మక్కావాసులు వేసిన ప్రశ్నే ఇది. జవాబుగా కొందరు గ్రంథంలోని విజ్ఞాన శాస్త్ర విషయాలను ఏకరువు పెడతారు. మేము మాత్రం ముందుగా 80వ సూరా 'అబస' తెరచి చూపుతాము.

మక్కాలో ప్రవక్త (స) ఖురైష్ పెద్దలకు ధర్మబోధ చేస్తున్నారు. అంతలో అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర) వచ్చి ఏదో అడిగారు. ప్రవక్త ముఖం చిట్లించి పక్కకు తిప్పుకున్నారు. పాపం, ఆ అంధునికి అది కనబడనే లేదు! అయినా దానిని ఆక్షేపిస్తూ ఆయతులు అవతరించాయి. వాటిని ప్రవక్తే స్వయంగా ప్రజలకు వినిపించారు. నేటికీ నమాజుల్లో మనం ఆ మందలింపును పారాయణం చేస్తున్నాము.

నమ్మకం కలిగించడానికే అలా చెప్పుకున్నారని ఎవరైనా అనవచ్చు. అయితే మదీనాలో జరిగింది చూడండి. హజ్రత్ ఆయిషా (ర)పై కపట విశ్వాసులు అపనింద మోపారు. అది ఊరంతా పాకింది. ఆమె పుట్టింట చేరి రాత్రింబవళ్ళు ఏడుస్తున్నారు. ప్రవక్త (స) సహచరులను సలహా అడుగుతున్నారు. నెల రోజులపాటు ఈ విషయమై వహీ రానేలేదు. సొంత మాటలే అయితే మొదటి రోజే నాలుగు వాక్యాలు చెప్పి ఇంటి పరువు కాపాడుకునేవారు కదా! చివరకు 24వ సూరా 'నూర్'లోని ఆయతులు ఆమె నిర్దోషి అని ప్రకటించాయి. లేచి భర్తకు కృతజ్ఞత చెప్పమని తల్లి అంటే, తాను అల్లాహ్‌ను తప్ప మరెవరినీ స్తుతించనన్నారు ఆయిషా (ర).