సింగపూర్ ప్రయాణానికి బిడ్డ వయసే ముహూర్తం

సింగపూర్‌లో ఉద్యోగం ఖాయమైందనగానే ఇంట్లో జీతం లెక్కలు మొదలవుతాయి. అద్దె ఎంత, పన్ను ఎంత, నెలకు మిగిలేది ఎంత? పిల్ల సంగతి వచ్చేసరికి మాత్రం "దానిదేముంది, మనతోపాటే వస్తుంది, అక్కడ ఏదో ఒక స్కూలు దొరక్కపోతుందా" అని తేల్చేస్తారు. కొత్తగా వచ్చే కుటుంబాలతో మాట్లాడగా మాట్లాడగా నాకు కుదిరిన అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. ఆరేళ్ల లోపు బిడ్డ ఉన్న ఇల్లు కదలాలంటే ముహూర్తం పెట్టాల్సింది కంపెనీ చెప్పిన జాయినింగ్ తేదీని బట్టి కాదు, ఆ బిడ్డ వయసును బట్టి. ఏడాది బిడ్డకు ఈ ఊళ్లో ఒక దారి, మూడేళ్ల బిడ్డకు ఇంకో దారి, ఆరేళ్లు దాటిన బిడ్డకు పూర్తిగా వేరే దారి. మన బిడ్డది ఏ దారో బయల్దేరకముందే తెలిస్తే చాలా ఆందోళన అక్కడే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తీరిపోతుంది.

ముందు కాగితాల సంగతి. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వచ్చేవారు జీవిత భాగస్వామిని, 21 ఏళ్ల లోపు పిల్లలను డిపెండెంట్ పాస్ మీద తెచ్చుకోవాలంటే స్థిర జీతం నెలకు కనీసం 6,000 సింగపూర్ డాలర్లు ఉండాలి. తల్లిదండ్రులను లాంగ్ టర్మ్ విజిట్ పాస్ మీద దగ్గర ఉంచుకోవాలంటే ఆ అంకె 12,000. బిడ్డను అమ్మమ్మో నానమ్మో చూసుకుంటుందన్న ధైర్యంతో బయల్దేరేవారు ఈ రెండో అంకె దగ్గర ఒకసారి ఆగి ఆలోచించాలి. అంత జీతం లేని ఇంటికి అమ్మమ్మ విజిట్ వీసా మీద చుట్టపుచూపుగానే రాగలదు. ఇద్దరూ ఉద్యోగం చేద్దామనుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. డిపెండెంట్ పాస్ మీద వచ్చినవారు ఇక్కడ ఎక్కడైనా ఉద్యోగంలో చేరాలంటే 2021 మే నుంచి సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాల్సిందే.

మన వైపు నుంచి వచ్చే కాగితాల్లో ఎక్కువగా చిక్కుపెట్టేది పేర్లు. పుట్టిన రోజుల్లో మున్సిపాలిటీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరే ఉండదు, నామకరణం అయ్యాక చేర్పించడం మరిచిపోతారు. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బిడ్డ సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. తల్లి పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, మరోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. గుళ్లోనో కల్యాణమండపంలోనో జరిగిన పెళ్లికి రిజిస్ట్రేషన్ ఉండదు. ఇవన్నీ మీసేవలో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చక్కబడేవే. కాకపోతే టికెట్లు కొన్నాక మొదలుపెడితే చక్కబడవు.

టీకాల కార్డు అంతకంటే ముఖ్యం. విదేశాల్లో పుట్టిన 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు దీర్ఘకాలిక పాస్ ఇవ్వాలంటే తట్టు టీకా, డిఫ్తీరియా టీకా వేయించిన రుజువు చూపాలని 2019 ఫిబ్రవరి 1 నుంచి ఇక్కడ నియమం ఉంది. మన ప్రభుత్వ పట్టికలో తట్టు టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. సింగపూర్ పట్టికలో మొదటిది 12 నెలలకు, రెండోది 15 నుంచి 18 నెలల మధ్య. ఏడాదీ ఏడాదిన్నర బిడ్డతో వచ్చేవారికి ఈ తేడా దగ్గరే సందేహాలు వస్తాయి. అందుకని ప్రయాణానికి ముందే పిల్లల డాక్టరు దగ్గర కూర్చుని రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. చేతిరాతతో ఉన్న కార్డును ఇంగ్లీషులో టైపు చేయించి, ప్రతి డోసుకూ తేదీ వేయించి, డాక్టరు సంతకం, ముద్ర తీసుకోవాలి. కార్డులో "ఎంఆర్" అని గిలికిన రెండక్షరాలు మనూరి నర్సమ్మకు అర్థమవుతాయి. ఇక్కడ కాగితం చూసే మనిషికి ఆ టీకా పూర్తి పేరు, వేసిన తేదీ కావాలి.

సామాను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇక్కడి కరెంటు 230 వోల్టులే కాబట్టి మన మిక్సీ పనిచేస్తుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు. లిటిల్ ఇండియాలో టెక్కా మార్కెట్ చుట్టూ తిరిగితే గోంగూరతో సహా మన కూరలు దొరుకుతాయి. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మసాలా పొడిలో గానీ విడిగా గానీ గసగసాలు తేవద్దు. సింగపూర్ మాదకద్రవ్యాల చట్టాలు చాలా కఠినమైనవి. నల్లమందు మొక్క గింజలు కాబట్టి గసగసాలు ఇక్కడ నిషిద్ధ వస్తువు. కొడీన్ ఉన్న దగ్గు మందులకూ నియంత్రణ ఉంది. పిల్లల మందుల సంచిలో ఏముందో సీసా సీసా చదివి, ప్రిస్క్రిప్షన్ వెంట పెట్టుకోవాలి.

ఇల్లు వెతికేటప్పుడు అందరూ ఎమ్మార్టీ (మెట్రో రైలు) స్టేషను ఎంత దూరమని అడుగుతారు. పసిబిడ్డ ఉన్నవారు ముందుగా చూడాల్సింది కిటికీ. ఇక్కడి బతుకంతా అంతస్తుల మీద. ప్రభుత్వ గృహసంస్థ హెచ్‌డీబీ కట్టిన బ్లాకుల్లో పదో అంతస్తు, పన్నెండో అంతస్తు మామూలు మాట. వంటింటి వెనక బట్టలారేసే చోట కిటికీ ఉంటుంది, దాని కిందే వాషింగ్ మెషీన్ ఉంటుంది. రెండేళ్ల బిడ్డకు ఆ మెషీన్ ఎక్కడం కష్టమేమీ కాదు. కాండోల్లో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో, గ్రిల్ లేని కిటికీలు, నడుమెత్తు గోడ ఉన్న బాల్కనీలు చాలానే కనిపిస్తాయి. గ్రిల్స్ బిగించే ఖర్చు ఎవరిదో, ఎప్పటిలోగా బిగిస్తారో అద్దె ఒప్పందంలో సంతకానికి ముందే రాయించుకోవాలి. సంతకం అయ్యాక అడిగితే ఓనరుకు తొందరేముంటుంది? ఇంకో ఇంటికి పోదామన్నా హెచ్‌డీబీ ఇళ్లు ఆరు నెలలకు తక్కువ అద్దెకివ్వరు. ఉద్యోగం పోయి దేశం విడవాల్సి వస్తే ఒప్పందం మధ్యలో బయటపడే వెసులుబాటును ఇక్కడ డిప్లొమాటిక్ క్లాజ్ అంటారు. అది ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇక బిడ్డను ఎక్కడ దించి ఆఫీసుకు వెళ్లాలన్నది అసలు ప్రశ్న. రెండు నెలల నుంచి 18 నెలల వరకు ఇన్‌ఫెంట్ కేర్. 18 నెలలు దాటాక ఏడేళ్ల లోపు చైల్డ్ కేర్, అందులోనే నర్సరీ, కే1, కే2 తరగతులు. వీటికి లైసెన్సులిచ్చి పర్యవేక్షించేది 2013లో ఏర్పడిన ఈసీడీఏ అనే సంస్థ. పౌరుల పిల్లలకు ప్రభుత్వ రాయితీ ఉంటుంది, మన పిల్లలకు ఉండదు. కాబట్టి పక్క డెస్కు సింగపూర్ మిత్రుడు తన బిడ్డకు కట్టే ఫీజు విని మన లెక్క వేసుకోకూడదు. ఇన్‌ఫెంట్ కేర్ మరీ ఖరీదు, సీట్లూ తక్కువ. నన్నడిగితే, పది నెలల బిడ్డతో వచ్చేవారు ఎనిమిది నెలలు ఆగగలిగితే, లేదా ఆ ఎనిమిది నెలలూ ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండగలిగితే డబ్బూ మిగులుతుంది, బిడ్డకూ సుఖం.

చైల్డ్ కేర్ ఉదయం ఎలా ఉంటుందో చెబుతాను. గుమ్మం బయట చెప్పులు విప్పాలి. లోపలికి వెళ్లే ముందు టీచరు జ్వరం చూస్తుంది. తర్వాత బిడ్డ రెండు అరచేతులూ చాపాలి, తిప్పి చూపాలి, నోరు బాగా తెరవాలి. టీచరు టార్చి వేసి నాలుక మీద, బుగ్గల లోపల పొక్కులున్నాయేమో చూస్తుంది. మా పాప చేరిన కొత్తలో ఇంటికొచ్చి బొమ్మలన్నింటినీ వరసగా నిలబెట్టి ఇదే పరీక్ష చేసేది. టీచరు వెతికేది హెచ్ఎఫ్ఎండీని, అంటే చేతుల్లో, కాళ్లలో, నోట్లో పొక్కులు లేచే అంటువ్యాధిని. ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది గానీ, పూర్తిగా తగ్గి డాక్టరు ఇచ్చిన ఎంసీ (మెడికల్ సర్టిఫికెట్) గడువు ముగిసేదాకా బిడ్డను లోపలికి రానివ్వరు. ఆ రోజులు ఇంట్లో ఎవరుంటారు? పౌరులు కాని పిల్లల తల్లిదండ్రులకు చట్టప్రకారం వచ్చే చైల్డ్ కేర్ సెలవు ఏడాదికి రెండు రోజులు. ఉద్యోగం ఒప్పుకునేటప్పుడు జీతం గురించి ఎంత గట్టిగా మాట్లాడతామో, బిడ్డకు జబ్బు చేసిన రోజు ఇంటి నుంచి పనిచేయవచ్చా అన్నది కూడా అంత గట్టిగానే అడగాలి. వైద్యంలోనూ మనకు రాయితీలు లేవు. కంపెనీ బీమా బిడ్డకు వర్తిస్తుందా, ఆసుపత్రిలో చేరితేనేనా, మామూలు డాక్టరు ఫీజుకు కూడానా అన్నది చేరకముందే చదువుకోవాలి. రాత్రివేళ పిల్లలకు ఎమర్జెన్సీ అయితే ఇక్కడివారు ముందుగా తలుచుకునే పేరు కేకే ఆసుపత్రి.

రోడ్డు సంగతి ఒక ముక్క. 1.35 మీటర్ల ఎత్తు లేని పిల్లలు కారులో చైల్డ్ సీటులోనే కూర్చోవాలి. మామూలు టాక్సీకి మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కారుకు లేదు. ఎక్కువమందికి బస్సూ రైలే హాయి. 2017 నుంచి బస్సులో స్ట్రోలర్ మడవక్కర్లేదు.

చైల్డ్ కేర్‌లో చేరిన మొదటి వారాల్లో బిడ్డ ఎవరితోనూ మాట్లాడదు. ఇంట్లో గలగలలాడే పిల్ల అక్కడ మూలన కూర్చుందని టీచరు చెప్పగానే తల్లికి గుండె జారిపోతుంది. భాష తెలియని చోట పిల్లలు కొన్నాళ్లు వింటారు, ఆ తర్వాతే నోరు విప్పుతారు. ఆ మౌనాన్ని చూసి భయపడి ఇంట్లో ఇంగ్లీషులోకి మారిపోయే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు. ఇంగ్లీషు నేర్పడానికి రోజంతా ఆ సెంటర్ ఉంది. మీరు చేయాల్సింది వేరే ఉంది. నీళ్లు, ఆకలి, నొప్పి, ఉచ్చ, చాలు, అమ్మ వస్తుంది లాంటి మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కార్డు మీద రాసి టీచరుకు ఇవ్వండి. మా పాప టీచరు చైనీయురాలు, తెలుగు ఎన్నడూ విననిది. ఆ కార్డు గోడకు అంటించుకుని "నీల్లు కావాలా" అని అడిగిన రోజున పాప ఆమె కొంగు, కాదు, ఏప్రన్ పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది.

ఆరేళ్లు దాటుతున్న బిడ్డతో వచ్చేవారికి పరిస్థితి వేరు. ఇక్కడ బడి జనవరిలో తెరుస్తారు. బిడ్డకు ఏడేళ్లు నిండే సంవత్సరంలో ప్రైమరీ 1. జనవరి 2 నుంచి మరుసటి జనవరి 1 వరకు పుట్టినవారందరూ ఒకే తరగతి. ప్రభుత్వ బడుల్లో ముందు పౌరులకు, శాశ్వత నివాసులకు చోటిచ్చి, మిగిలిన సీట్లు చివరిదైన మూడో దశలో విదేశీ పిల్లలకు ఇస్తారు. ఆ దశకు ముందుగానే ఆసక్తి తెలుపుతూ ఫారం నింపాలి, ఆ తేదీ దాటితే దారి మూసుకుపోయినట్టే. రెండో తరగతి, ఆపైన చేరాలంటే ఏఈఐఎస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందుకే సీబీఎస్ఈ చెప్పే భారతీయ అంతర్జాతీయ పాఠశాలల వైపు చాలామంది వెళతారు. అవి మన లెక్క ప్రకారం ఏప్రిల్‌లో మొదలవుతాయి. నాలుగైదేళ్లలో తిరిగి వెళ్లిపోయే ఆలోచన ఉంటే అదే మంచిదని నా ఉద్దేశం.

సీటు కోసమని శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టే మగపిల్లల తల్లిదండ్రులు ఒక విషయం పూర్తిగా అర్థం చేసుకోవాలి. తల్లిదండ్రుల ద్వారా శాశ్వత నివాసం పొందిన అబ్బాయి పదహారున్నరేళ్లకు తప్పనిసరి దేశరక్షణ సేవ అయిన నేషనల్ సర్వీసుకు పేరు నమోదు చేసుకోవాలి, తర్వాత రెండేళ్లు పూర్తికాల సేవ చేయాలి. చెడ్డ విషయమని అనడం లేదు. చాలామంది గౌరవంగా చేసి వచ్చారు. కానీ నాలుగేళ్ల పిల్లాడి తరఫున ఈ నిర్ణయం తీసుకుంటున్నామన్న స్పృహతో సంతకం పెట్టాలి.

ప్రభుత్వ బడిలో చేరే బిడ్డకు "మాతృభాష" అనే సబ్జెక్టు ఉంటుంది. చైనీస్, మలయ్, తమిళం అధికారికంగా నేర్పేవి. వీటితోపాటు హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. ఈ వరసలో తెలుగు లేదు. కాబట్టి తెలుగు బిడ్డ మాతృభాష గడిలో హిందీ అనో తమిళం అనో రాసి వస్తాడు. ఏది ఎంచుకున్నా తప్పు లేదు. తమిళం ఇక్కడ అధికార భాష, ఏ బడిలో ఉంటుందో చూసుకుంటే చాలు. హిందీకైతే చాలాసార్లు వేరే కేంద్రానికి శనివారాలు తీసుకెళ్లాల్సి వస్తుంది. తెలుగు మాత్రం ఏ ప్రభుత్వ బడీ నేర్పదు, ఇల్లు నేర్పాలి, వారాంతాల్లో మన సంఘాలు నడిపే తరగతులు నేర్పాలి.

గ్రంథాలయాల్లోని పుస్తకాలు ప్రధానంగా ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళ భాషల్లో ఉంటాయి. అందుకని ఊరి నుంచి ఎవరు వస్తున్నా పచ్చళ్లతోపాటు బొమ్మల కథల పుస్తకాలు తెప్పించుకోండి. సికింద్రాబాద్ "మంచి పుస్తకం" వారివి పసిపిల్లలకు బాగా సరిపోతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. మన దేశానికీ సింగపూర్‌కూ గడియారంలో తేడా రెండున్నర గంటలు. ఇక్కడ బిడ్డ అన్నం తిని పక్క ఎక్కే ఎనిమిదిన్నరకు అక్కడ సాయంత్రం ఆరు, తాతయ్యకు తీరికైన సమయం. అదే పుస్తకం రెండో ప్రతి ఆయన దగ్గరుంటే, వీడియో కాల్‌లో పేజీ ఆయన అక్కడ, బిడ్డ ఇక్కడ ఒకేసారి తిప్పవచ్చు. కాబట్టి పుస్తకాలు కొనేటప్పుడు ఒక్కోటి రెండేసి కొనమని చెప్పండి.