ఇల్లు కొనేందుకు మధ్యవర్తి అవసరమా?

కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. ఎల్లారెడ్డి 2018లో పురపాలక సంఘమైంది. ఈ ప్రాంతంలోని అనేక కుటుంబాలు గల్ఫ్ దేశాల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చిన సోదరులు పంపే సొమ్ముతోనే సొంత ఇంటిని సమకూర్చుకుంటున్నాయి. కొనేవాడు పరదేశంలో ఉంటాడు; ఇల్లు చూసి బేరమాడవలసింది ఇక్కడున్న తల్లిదండ్రులో, భార్యో. అటువంటప్పుడు స్థానికంగా అనుభవం గల మధ్యవర్తి అవసరమా అన్న ప్రశ్న సహజం.

అవసరమనే మేము భావిస్తున్నాము. ఎందుకంటే కొన్ని సంగతులు కాగితాల్లో దొరకవు. 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోత వర్షాలకు కామారెడ్డిలో పలు కాలనీలు నీట మునిగాయి. ఏ వీధిలోకి వరద నీరు వస్తుందో దస్తావేజు చెప్పదు, ఊరివాడు చెబుతాడు. వారసత్వం సంగతీ అంతే. తండ్రి మరణానంతరం అన్నదమ్ములు ఇంటిని అమ్మకానికి పెడతారు. ఆడబిడ్డల వాటా ప్రస్తావనే రాదు. ఖుర్‌ఆన్ నిర్ణయించిన ఆ వాటా ఈసీలో కనిపించదు. నోటిమాటగా జరిగిన హిబా కూడా అందులో నమోదు కాదు. అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా తీసుకోండని హెచ్చరించగలిగేది ఆ కుటుంబాన్ని ఎరిగిన వ్యక్తే.

అయితే బేరం కుదిరితేనే మధ్యవర్తికి ప్రతిఫలం. 20 లక్షల ఇంటికి ఇరుపక్షాల నుంచీ 2 శాతం చొప్పున తీసుకుంటే ఆయనకు 80 వేలు. బేరం చెడితే ఏమీ రాదు. అంటే లోపాన్ని బయటపెట్టిన మధ్యవర్తి తన రాబడినే పణంగా పెడుతున్నాడు. అలాంటి నిజాయితీపరులు లేకపోలేదు. కానీ అందరూ అలాగే ఉంటారనుకోవడం వివేకం కాదు.

దైవప్రవక్త (స) కాలంలో వర్తకులను ‘సమాసిరా’, అంటే దళారులు అనేవారు. ఆయన వారిని ‘తుజ్జార్’ అనే మెరుగైన పేరుతో పిలిచారు. క్రయవిక్రయాల్లో వ్యర్థపు మాటలు, ప్రమాణాలు చోటుచేసుకుంటాయి కనుక దానధర్మాలు చేస్తూ ఉండమని కూడా బోధించారు. వృత్తిని గౌరవిస్తూనే అందులోని బలహీనతను గుర్తించిన బోధన ఇది.

కనుక ఇల్లు చూపించే పనిని మధ్యవర్తికి అప్పగించవచ్చు. పత్రాలు పరిశీలించే పనిని మాత్రం మనమే చేయించుకోవాలి. కనీసం 30 ఏళ్ల ఈసీ, లింకు దస్తావేజులు తీసుకుని ఆయనతో సంబంధం లేని న్యాయవాదికి చూపించాలి. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, అది చెరువు శిఖమో, అసైన్డ్ భూమో విచారించాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లున్న భవనానికి గానీ 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. వాటిని అమ్మిపెట్టే ఏజెంటుకూ రెరా నంబరు తప్పనిసరి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

బయానా సొమ్మును మధ్యవర్తి చేతికి కాక, బ్యాంకు ద్వారా నేరుగా అమ్మకందారుకే చెల్లించాలి. కమీషన్ ఎంతో, ఎప్పుడు ఇవ్వాలో ముందే రాసుకోవాలి. అప్పు లావాదేవీలను రాసుకొమ్మనీ, క్రయవిక్రయాలకు సాక్షులను ఉంచుకొమ్మనీ అల్ బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తోంది. మధ్యవర్తి మనవాడే, మన మస్జిదులో నమాజుకు నిలబడేవాడే అయినా ఈ ఆదేశానికి మినహాయింపు లేదు.